ఫుల్ ఫ్రేమా, క్రాప్ సెన్సారా: కెమెరా బాడీ కొనే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

కెమెరాలో వెలుగును ఫొటోగా మార్చే చిప్ సెన్సార్. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ 36×24 మి.మీ. ఉంటుంది. ఏపీఎస్-సి అనే క్రాప్ సెన్సార్ నికాన్, సోనీ, ఫుజీ కెమెరాల్లో దాదాపు 23.5×15.6 మి.మీ., కెనాన్‌లో ఇంకాస్త చిన్నది. విస్తీర్ణంలో ఫుల్ ఫ్రేమ్ సుమారు 2.4 రెట్లు పెద్దది, కెనాన్ క్రాప్‌తో చూస్తే 2.6 రెట్లు. మిగతా తేడాలు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

50 ఎంఎం లెన్స్‌ను క్రాప్ బాడీకి తగిలిస్తే 75 అయిపోతుందని అంటుంటారు. లెన్స్ ఏమీ మారదు. సెన్సార్ చిన్నది కాబట్టి మధ్య భాగమే పడుతుంది, అందుకే ఫుల్ ఫ్రేమ్‌పై 75 ఎంఎం (50×1.5) చూపించినంత దృశ్యమే కనిపిస్తుంది. కెనాన్‌లో 1.6తో గుణిస్తే 80. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు చేతి వణుకుకి ఫొటో చెదరకుండా షట్టర్ స్పీడ్ కూడా ఈ లెక్కనే పెంచుకోవాలి: 50 ఎంఎంకి సెకనులో 50వ వంతు సరిపోదు, కనీసం 80వ వంతు పెట్టండి.

ఇక నాయిస్, అంటే తక్కువ వెలుగులో ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు. ఒకే అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్/ పక్కన అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), ఒకే షట్టర్ స్పీడ్‌లో పెద్ద సెన్సార్ మొత్తంగా ఎక్కువ వెలుగు పోగుచేస్తుంది, లాభం ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు) పైన ఉంటుంది. సెన్సార్లు ఒకే తరానివైతే, క్రాప్‌లో ఐఎస్ఓ (ఫొటోను ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే సెట్టింగ్) 1600 దగ్గర కనిపించే నాయిస్ ఫుల్ ఫ్రేమ్‌లో 3600 ప్రాంతంలో కనిపిస్తుంది. అయితే ఈ లాభం ఎప్పుడూ చేతికి రాదు. రెండు వరుసల్లో నిలబడ్డ గ్రూప్ ఫొటో తీస్తున్నారనుకోండి. క్రాప్‌లో 35 ఎంఎం, ఎఫ్/2.8, ఐఎస్ఓ 1600తో రెండు వరుసలూ షార్ప్‌గా వచ్చాయి. అదే చోటి నుంచి ఫుల్ ఫ్రేమ్‌లో అదే ఫ్రేమింగ్ కావాలంటే 52 ఎంఎం కావాలి, రెండో వరుస మసకబారకుండా ఉండాలంటే ఎఫ్/4.2కి దిగాలి. షట్టర్ స్పీడ్ తగ్గించలేరు కాబట్టి ఐఎస్ఓ 3600కి ఎక్కుతుంది. నాయిస్ మళ్లీ మొదటికే వస్తుంది. అపర్చర్ పూర్తిగా తెరిచి తీసేవాళ్లకు, ట్రైపాడ్ మీద తక్కువ ఐఎస్ఓలో ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచేవాళ్లకు మాత్రం ఫుల్ ఫ్రేమ్ లాభం నిజంగా దక్కుతుంది.

అందుకే ముందు పాత ఫొటోల వివరాలు తెరిచి చూడండి. ఐఎస్ఓ ఎక్కువగా 3200 దాటుతూ, అపర్చర్ కూడా లెన్స్ తెరుచుకోగలిగినంత మేరా తెరిచే ఉంటోందా? ఫుల్ ఫ్రేమ్ గురించి ఆలోచించవచ్చు. 800 లోపే ఉంటే ఆ డబ్బు లెన్స్‌కి పెట్టడం మేలు. ఫుల్ ఫ్రేమ్ బాడీ కొని చవక కిట్ జూమ్ (బాడీతో కలిపి అమ్మే జూమ్ లెన్స్)తో సరిపెట్టుకోవడం మా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ బేరం. 50 ఎంఎం దగ్గర అలాంటి జూమ్ ఎఫ్/5.6 దాకా మూసుకుపోతుంది. క్రాప్ మీద 35 ఎంఎం ఎఫ్/1.8 దాదాపు అదే దృశ్యాన్ని ఫుల్ ఫ్రేమ్ లెక్కలో ఎఫ్/2.7 (1.8×1.5)తో సమానంగా ఇస్తుంది. అంటే చిన్న సెన్సారే రెండు స్టాప్‌లు ముందుంటుంది. పోర్ట్రెయిట్‌లకు కూడా క్రాప్‌లో 56 ఎంఎం ఎఫ్/1.2 పెడితే, ఫుల్ ఫ్రేమ్ 85 ఎంఎం ఎఫ్/1.8 ఇచ్చే బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ దాదాపుగా వస్తుంది.

పక్షులు తీసేవాళ్ల లెక్క వేరు. 300 ఎంఎంతోనూ పక్షి చిన్నగానే పడుతుంటే, 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ ఫొటోను క్రాప్ సైజుకి కోస్తే మిగిలేది 10 మెగాపిక్సెల్. 24 మెగాపిక్సెల్ క్రాప్ బాడీ ఆ భాగాన్నే పూర్తి 24తో ఇస్తుంది. 45 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లోనైతే కోశాక 19 దాకా మిగులుతుంది, కానీ ఆ బాడీల ధర వేరే స్థాయి.

తర్వాత ఫుల్ ఫ్రేమ్‌కి మారతామనుకుంటే పాత లెన్స్‌ల సంగతి ఇప్పుడే చూసుకోండి. కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్స్‌లు ఆ కంపెనీ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లకు అసలు బిగవవు. నికాన్ డీఎక్స్ లెన్స్‌లు, సోనీ ఏపీఎస్-సి లెన్స్‌లు అదే మౌంట్ (లెన్స్ బిగించే అమరిక) ఉన్న ఫుల్ ఫ్రేమ్ బాడీకి బిగుస్తాయి. మామూలు సెట్టింగ్‌లో కెమెరా తనంతట తానే క్రాప్ మోడ్‌లోకి వెళ్తుంది, అంటే 24లో మళ్లీ 10 మెగాపిక్సెలే.

వీడియో తీసేవాళ్లు స్పెసిఫికేషన్లలో సెకనుకు 60 ఫ్రేమ్‌ల 4కె వీడియో గురించిన లైను చదవండి. కొన్ని ఫుల్ ఫ్రేమ్ బాడీలు ఆ వేగంలో సెన్సార్ మధ్య భాగాన్నే వాడతాయి, అంటే అప్పుడు క్రాప్‌లాగే పనిచేస్తాయి.