లోకల్ చానల్‌లో వార్తలు చదవాలనుకుంటే

తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదివే అమ్మాయిలు ఎక్కడ కలిసినా అడిగే మాట ఒకటుంది: "అక్కా, యాంకర్ కావాలంటే హైదరాబాద్ పోవాల్సిందేనా?" అవసరం లేదు. మొదటి కొన్నేళ్లయినా ఊళ్లోనే చేయండి అంటాను. పెద్ద చానల్లో మీరు చదివిన వార్తలోని మనిషి మళ్లీ మీకు ఎదురుపడడు. తిరుపతి కేబుల్ చానల్లో అయితే మర్నాడు పొద్దున రైతు బజార్లో ఎదురొచ్చి, "మా వీధి కాలువ గురించి చెప్పినారు కదమ్మా, ఇంతవరకు ఎవరూ రాలేదే" అంటాడు. ఆయనకు జవాబు చెప్పగలిగేలా పనిచేయడమే లోకల్ యాంకర్ ఉద్యోగం. చదవడం అందులో సగమే.

ముందు ఆ సగం గురించి చెప్తాను.

రోజూ పేపర్లో జిల్లా పేజీని గట్టిగా చదవండి. ఎకరాలు, క్యూసెక్కులు, సర్వే నంబర్లు, ఊళ్ల పేర్లు, నోటికి పని పెట్టేవన్నీ అందులోనే ఉంటాయి. శ, ష, స వేరువేరుగా వినబడాలి. ల, ళ కూడా అంతే. వరదయ్యపాళెం, పిచ్చాటూరు, కార్వేటినగరం, వడమాలపేట లాంటి పేర్లు తడబడకుండా రావాలి. తెలియని పల్లె పేరు వస్తే ఆ మండలం స్ట్రింగర్‌కి (అక్కడి నుంచి వార్తలు పంపే విలేకరికి) ఫోన్ చేసి, "మీ పక్క దాన్ని ఎట్లా అంటారన్నా?" అని అడిగి, స్క్రిప్ట్ మీద రాసుకోండి. తన ఊరి పేరు టీవీలో సరిగ్గా వినబడితే ఆ ఊరివాళ్లు ఆ తర్వాత చెప్పేదాన్ని కూడా నమ్ముతారు.

వార్తలు రాసే డెస్క్ నుంచి వచ్చే స్క్రిప్ట్ చాలాసార్లు పేపర్ భాషలో ఉంటుంది. ఉదాహరణకు ఇలా: "నిన్న రాత్రి రేణిగుంట–పుత్తూరు రహదారిపై ఆగి ఉన్న లారీని వెనుక నుంచి ఢీకొన్న ఘటనలో కారులో ప్రయాణిస్తున్న చెన్నైకి చెందిన ఒకే కుటుంబంలోని ముగ్గురు తీవ్రంగా గాయపడ్డారు." దీన్ని నేనైతే ఇలా విరిచి చదువుతాను: "రేణిగుంట–పుత్తూరు రోడ్డులో నిన్న రాత్రి ఆగి ఉన్న లారీని ఒక కారు ఢీకొట్టింది. కారులో ఉన్నది చెన్నై కుటుంబం. ముగ్గురికి తీవ్ర గాయాలయ్యాయి." ఆ రోడ్డులో రాత్రి పూట బండి మీద ఇంటికి రావాల్సిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి ఎవరో ఒకరు టీవీ ముందు ఉంటుంది. రోడ్డు పేరు వినగానే ఆమె గుండె ఆగినంత పనవుతుంది. కారు, చెన్నై అన్న రెండు మాటలు వెంటనే పడితే ఊపిరి పీల్చుకుంటుంది. ప్రమాద వార్తలో ఏ బండి, ఎక్కడి వాళ్లు అన్నది వాక్యం చివరికి తోయకూడదు.

స్క్రిప్ట్ మీద పెన్సిల్ గీతలు పెట్టుకోండి. చిన్న ఆపుకు ఒకటి, పెద్ద ఆపుకు రెండు. అంకెల కింద అడ్డగీత. పేపర్‌కు ఒకవైపే ప్రింట్ తీయించుకోండి, పిన్ను కొట్టొద్దు. పేజీ తిప్పితే మైకులో చప్పుడు వస్తుంది, అదే విడి కాగితమైతే పక్కకు జరిపితే సరిపోతుంది. స్క్రిప్ట్‌ను కెమెరా ముందు తెర మీద చూపించే టెలిప్రాంప్టర్ ఉన్నా కాగితాలు చేతిలో ఉండాల్సిందే, కరెంటుకు మన బులెటిన్ టైమ్ తెలియదు. 1983లో దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలుపెట్టిన శాంతి స్వరూప్ గారు చాలా ఏళ్లు ప్రాంప్టర్ లేకుండానే, కెమెరాను చూస్తూ చదివారు. కొత్తవాళ్లు కనీసం హెడ్‌లైన్స్ వరకైనా అలా చెప్పడం సాధన చేయాలి. బట్టల విషయానికొస్తే, వెనుక గ్రీన్ మ్యాట్ (ఆకుపచ్చ తెర) ఉంటే ఆకుపచ్చ చీర కట్టకండి, సన్న గళ్లవి కెమెరాలో అదురుతున్నట్టు కనిపిస్తాయి. అంతకుమించి ఆలోచించాల్సింది లేదు.

భాష గురించి మాత్రం ఆలోచించాలి. బులెటిన్ మామూలు వాడుక భాషలో చదువుతాం. కానీ మైకు పట్టుకుని బయటికి వెళ్లినప్పుడు, "నీళ్లు వచ్చి నాలుగు దినాలైందమ్మా, యాడికని పోయేది?" అని ఒక అవ్వ అంటే, ఆమెను మన భాషలోకి లాగకండి. ఆమె మాటే బైట్, అంటే వార్తలో వినిపించాల్సిన మాట. మీరు కూడా "అవ్వా, ట్యాంకర్ అన్నా వస్తాందా?" అని ఆమె పలుకుబడిలోనే అడిగితే మనసు విప్పి చెప్తుంది. నగరి, సత్యవేడు వైపు వెళ్తే నాలుగు ముక్కలు తమిళం కావాలి. కుప్పం వైపు తమిళంతో పాటు కన్నడం కూడా చెవిన పడుతుంది.

లైవ్ నేర్చుకోవడానికి తాతయ్యగుంట గంగమ్మ జాతరను మించిన బడి తిరుపతిలో లేదు. చాటింపుతో మొదలై విశ్వరూప దర్శనం దాకా రోజుకో వేషం ఉంటుంది: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. ఏ రోజు ఏ వేషమో, ఎందుకో తెలియకుండా కెమెరా ముందు నిలబడకూడదు. అమ్మవారు పాలెగాణ్ణి వెతుక్కుంటూ వేషాలు మార్చిందనీ, దొర వేషంలో వాణ్ణి సంహరించిందనీ, మాతంగి వేషంలో వాడి భార్యను ఓదార్చిందనీ కథ. దొర వేషం రోజు లైవ్ ఇస్తూ ఈ కథ రెండు వాక్యాల్లో చెప్పగలిగితే బయటి ఊరి నుంచి వచ్చి చూస్తున్నవాళ్లకు కూడా అర్థమవుతుంది. ఇంకొక సంగతి, జాతరలో వేషం వేసినవాళ్లు బూతులు తిట్టడం ఆచారం. అందుకని మైకు మీ చేతిలోనే ఉంచుకోండి, ఎవరికీ ఇవ్వొద్దు. మాట్లాడించాలనుకున్న మనిషిని ముందే పలకరించి, ఒక పక్కకు తీసుకొచ్చి నిలబెట్టుకోండి. ఏదైనా మాట జారి ప్రసారమైతే నవ్వొద్దు, ముఖం చిట్లించొద్దు. అది వాళ్ల మొక్కు. మామూలుగా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోండి.

ఇక రెండో సగం, జనానికి జవాబు చెప్పడం. ముఖం తెలిసినకొద్దీ జనం కాగితాలు పట్టుకొని వస్తారు. పింఛను రాలేదని, వీధి దీపం వెలగలేదని, పట్టాదారు పాసుపుస్తకంలో పేరు తప్పు పడిందని. "చూస్తానమ్మా" అనేసి కాగితం బ్యాగులో పెట్టుకోవడం అన్నిటికంటే చెడ్డ పని. ఆ మనిషి మీ మీద ఆశ పెట్టుకొని ఇంకెక్కడికీ వెళ్లదు. రెండు ప్రశ్నలు అడగండి: "అర్జీ పెట్టినారా? రసీదు ఉందా?" పెట్టలేదంటే తమ ఊరి సచివాలయానికో, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకో దారి చూపించండి. కరెంటు సమస్య అయితే 1912 నంబర్ ఇవ్వండి. సైబర్ మోసంలో డబ్బు పోయిందంటే మాటలతో టైమ్ పోనివ్వకుండా అక్కడికక్కడే 1930కి ఫోన్ చేయించండి. రసీదు ఉండీ పని కాలేదంటే అప్పుడది వార్త. అధికారి జవాబు తీసుకోండి, ఇన్ని రోజుల్లో చేస్తామని వాళ్లు చెప్పిన గడువును డైరీలో రాసుకోండి, ఆ రోజు మళ్లీ ఫోన్ చేయండి. పని అయితే అయిందని, కాకపోతే కాలేదని బులెటిన్‌లో చెప్పండి. మొదటి వార్త ఎవరైనా వేస్తారు. గడువు రోజు అదే వీధికి మళ్లీ వెళ్లే చానల్‌నే జనం తమదనుకుంటారు.

రక్తం కావాలని స్క్రీన్ కింద కదిలే స్క్రోలింగ్ దగ్గర చాలా జాగ్రత్త అవసరం. రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు సీమ జిల్లాలన్నిటి నుంచీ రోగులు వస్తారు. తోడు వచ్చినవాళ్లకు ఊళ్లో తెలిసినవాళ్లు ఉండరు. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌ను ఉన్నదున్నట్టు ఎక్కించొద్దు. అందులోని నంబర్‌కు మీరే ఫోన్ చేసి రోగి ఏ వార్డులో ఉన్నారు, ఏ గ్రూపు, రక్తమా ప్లేట్‌లెట్లా, ఎన్ని యూనిట్లు, ఎప్పటిలోగా అన్నవి అడగండి. నెలల కింద తిరిగిన మెసేజ్‌లే మళ్లీ తిరుగుతుంటాయి. స్క్రీన్ మీద వయసులో ఉన్న ఆడపిల్ల నంబర్ వేయొద్దు, ఇంట్లో ఇంకొకరిది అడిగి తీసుకోండి. అక్కర తీరగానే స్క్రోలింగ్ తీసేయించండి. ఇచ్చేవాళ్లకు 18 నుంచి 65 ఏళ్ల వయసు, కనీసం 45 కిలోల బరువు ఉండాలని, మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలని కూడా చెప్తే ఊరికే వచ్చి తిరిగిపోయేవాళ్లు తగ్గుతారు.

తప్పిపోయిన పిల్లల ఫొటో వేయాలంటే పోలీసులకు ఫిర్యాదు చేశారో లేదో చూసుకోండి, కన్నవాళ్లతో మాట్లాడండి. పిల్లవాడు దొరికాడని ఎవరైనా మీకే ఫోన్ చేస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పమనండి. బిడ్డ ఇంటికి చేరాక మన సోషల్ మీడియా పేజీల్లో కూడా ఆ ఫొటో ఉండకూడదు.

లైంగిక దాడి కేసుల్లో బాధితుల పేరు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఉంది. పేరు ఒక్కటే దాస్తే చాలదు. చిన్న మండలంలో "ఫలానా పల్లెలో తొమ్మిదో తరగతి చదివే టైలర్ కూతురు" అంటే పేరు చెప్పినట్టే. ఊరు, బడి, తండ్రి పని ఏదీ చెప్పకండి. వ్యూస్ కోసం ఎవరు ఒత్తిడి చేసినా ఒప్పుకోవద్దు.

2021 నవంబర్ వానలప్పుడు తిరుపతి వీధులు కాలువలయ్యాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి రోజుల్లో యాంకర్ గొంతు పెంచకూడదు. ఏ అండర్ బ్రిడ్జిలో నీళ్లున్నాయి, ఏ రోడ్డు మూశారు, పునరావాసం ఏ బడిలో పెట్టారు, ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి అన్న నాలుగూ మళ్లీ మళ్లీ చెప్పాలి, పక్కన ఆ సమాచారం అందిన టైమ్ కూడా చెప్పాలి. "కట్ట తెగిందంట" అన్న మాట రెవెన్యూ వాళ్లతోనో ఇరిగేషన్ వాళ్లతోనో ఖాయం చేసుకోకుండా నోటి నుంచి రాకూడదు. చీకట్లో పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తేవాళ్లు ఏ వాగులో దిగుతారో మనకు తెలియదు.

డబ్బు సంగతి దాచను. లోకల్ చానల్ జీతం ఒక్కదానితో ఇల్లు గడవడం కష్టం. స్కూల్ వార్షికోత్సవాలు, షాపు ఓపెనింగులు, పెళ్లి రిసెప్షన్లకు యాంకరింగ్ చేస్తే కొంత వస్తుంది, తప్పేమీ లేదు. పార్టీ సభలకు మాత్రం వెళ్లొద్దు. సాయంత్రం వేదిక మీద ఒక నాయకుణ్ణి పొగిడిన నోటితో రాత్రి ఎన్నికల వార్తలు చదివితే ఎవరు నమ్ముతారు? ఎన్నికలప్పుడు కేబుల్ చానల్లో వచ్చే పార్టీ ప్రకటనలకు కూడా జిల్లా మీడియా కమిటీ ముందస్తు అనుమతి ఉండాలి. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచారం నిషేధం. ఆ రోజుల్లో మీ చేతికొచ్చిన స్క్రిప్ట్‌లో ప్రచారం వాసన ఉంటే చదవనని చెప్పే హక్కు మీకుంది.

ఉద్యోగం అడగడానికి ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో చాలు. తలుపులు మూసి, పరదాలున్న గదిలో తీయండి, ప్రతిధ్వని తగ్గుతుంది. ఒక జిల్లా వార్త, అంకెలు ఎక్కువున్న వార్త ఒకటి, కాగితం చూడకుండా మీ వీధి సమస్య ఒకటి చెప్పండి. ఆకాశవాణి తిరుపతి కేంద్రం క్యాజువల్ అనౌన్సర్లకు (అవసరమైనప్పుడు పిలిచేవాళ్లకు) ప్రకటన ఇస్తే స్వర పరీక్షకు తప్పక వెళ్లండి, గొంతు అక్కడ బాగా సాన పడుతుంది. చానల్‌కు వీడియో వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి. బులెటిన్‌కు ముందు ఆఫీసంతా టెన్షన్‌లో ఉంటుంది, సాయంత్రం వార్తలు అయిపోయాక వెళ్లి న్యూస్ ఎడిటర్‌ను అడగండి. అప్పుడు కూర్చోబెట్టి మాట్లాడతారు.