చెరువుకు నీళ్లొచ్చే దారిని చట్టంతో కాపాడుకోవడం ఎలా

కేసు వేద్దామనుకునే ఊరివాళ్లకైనా, ఫీజు తీసుకోకుండా వాళ్ల తరఫున నిలబడే కొత్త లాయర్లకైనా నేను ముందు చెప్పేది ఒకటే: చెరువు గురించి మాత్రమే రాయకండి. దానిలోకి నీళ్లు తెచ్చే వాగులు, నాలాలు, పైనున్న మెట్ట భూములు అన్నీ కలిపి రాయండి. శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిలో, ఒక్క ఇటుక పడకపోయినా పైన వాగు మీద వెంచర్ వేస్తే చెరువు ఎండిపోతుంది.

111 జీవో పుట్టింది ఈ ఆలోచనతోనే. 1996 మార్చి 8న వచ్చిన ఆ ఉత్తర్వు హైదరాబాద్ జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల దాకా, అంటే 84 ఊళ్లలో, కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దంది. మరుసటి ఏడాదే ఒక నూనెల పరిశ్రమకు ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడితే, 2000 డిసెంబర్‌లో ఆ మినహాయింపు చెల్లదని తీర్పొచ్చింది. అదే కేసులో, ఎం.వి. నాయుడు కేసు అంటారు, 1999లో కోర్టు చెప్పిన మాట మీ పిటిషన్‌లో తప్పకుండా ఉండాలి: హాని జరగదని నిరూపించాల్సిన భారం అక్కడ కొత్తగా ఏదో కట్టాలనుకునేవాళ్ల మీదే ఉంటుంది, మీ మీద కాదు.

ఇక పని మొదలుపెట్టేది కోర్టులో కాదు, తహసీల్దార్ ఆఫీసులో. గ్రామ నక్షా, పాత పహాణీలు (ఏ భూమి ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డులు), నీటిపారుదల శాఖ దగ్గరున్న ఎఫ్‌టీఎల్ మ్యాపు (చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపేది) సమాచార హక్కు కింద అడగండి. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. ఈలోగా గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు తీసి పెట్టుకోండి, వాన పడ్డప్పుడు నీళ్లు ఎటు పారుతున్నాయో తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి. వాగు పేరు ఒక్కటే రాస్తే సరిపోదు, ఏయే సర్వే నంబర్ల మీదుగా పోతుందో రాస్తేనే అధికారి తప్పించుకోలేడు.

కలెక్టర్‌కు, కాలుష్య మండలికి వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోండి, కానీ వాళ్ల జవాబు కోసం కూర్చోకండి. చాలా మంచి కేసులు ఇక్కడే పోతాయి. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి 6 నెలలే గడువు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు, అంతే. నష్టపరిహారానికి, పర్యావరణాన్ని పూర్వస్థితికి తేవాలని అడగడానికి 5 ఏళ్లు ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నై బెంచే, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు.

"చెరువును కాపాడండి" అని అడిగితే ఒక కమిటీ వేసి చేతులు దులుపుకుంటారు. ఫలానా తేదీలోగా సర్వే చేయాలి, హద్దురాళ్లు నాటాలి, పూడిన కాలువ తెరవాలి అని విడివిడిగా అడగండి.

గెలిచాక కూడా వదలకండి, ఎందుకంటే 111 జీవో ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో 69 జీవో వచ్చింది. మీ ప్రాంతం మాస్టర్‌ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడల్లా గడువులోగా అభ్యంతరం పంపండి, ట్రిబ్యునల్ ఆదేశం ఎంతవరకు అమలైందో మళ్లీ సమాచార హక్కు కింద అడగండి. అమలు కాకపోతే ఆ జవాబు జతచేసి ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయండి. సివిల్ కోర్టు డిక్రీలాగే ఆ ఆదేశాన్నీ అమలు చేయించుకోవచ్చు.