రంగులు మార్చే పువ్వు: గోడోలో మన చిన్న గేమ్, 3వ భాగం

పోయిన భాగంలో గోడోలో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మన పువ్వుకి కాడ, ఆకులు, రేకలు వేరువేరు స్ప్రైట్లుగా, అంటే విడివిడి బొమ్మలుగా పెట్టుకున్నాం కదా, ఈసారి రేకలకి రంగు మారుద్దాం.

మనం చూసి నేర్చుకుంటున్నది 2004లో నింటెండో వదిలిన పిక్మిన్ 2 గేమ్‌లో, గుహల్లో ఉండే క్వీన్ క్యాండీపాప్ బడ్ అనే పువ్వు. అది ఎరుపు, పసుపు, నీలం అలా మారుతూనే ఉంటుంది, ఒక పిక్మిన్‌ని (మనం నడిపించే బుల్లి మొక్క జీవి) అందులోకి విసిరితే ఆ టైంకి పువ్వు ఏ రంగులో ఉంటే ఆ రంగువి బోలెడు మొలకలై బయటపడతాయి. ముందర నీళ్లున్నాయంటే వాటిని తట్టుకునే నీలం పిక్మిన్ కావాలి, మంటలుంటే వాటిని తట్టుకునే ఎరుపు కావాలి, అంటే రంగు ఇక్కడ సోకు కోసం కాదు, ప్లేయర్ దాన్ని చూసి టైమింగ్ పట్టాలి.

మన వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ వైపు కాంపౌండ్ గోడల మీద రాధామనోహరం తీగ చూసుంటారు, సాయంత్రం తెల్లగా విచ్చి మర్నాటికి గులాబీ, ఆ తర్వాత ఎరుపు, ఒకే గుత్తిలో మూడూ కనిపిస్తాయి. చూడ్డానికి బావుంటుంది గానీ అంత నిదానం గేమ్‌లో నడవదు.

ముందు ఒక ముఖ్యమైన సంగతి. రేకల బొమ్మ తెలుపు, లేత బూడిద షేడ్లలోనే గీయండి. గోడోలో మాడ్యులేట్ అనేది బొమ్మ రంగుని మనమిచ్చే రంగుతో గుణిస్తుంది, పైన పూత వెయ్యదు. అచ్చ ఎరుపు రేక గీసి మాడ్యులేట్‌లో నీలం పెట్టారనుకోండి, నల్లగా మాడిపోద్ది, పసుపు పెడితే ఎరుపు అలాగే ఉండిపోద్ది, మీరేమో సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

ఇప్పుడు సీన్‌లో యానిమేషన్ ప్లేయర్ నోడ్ (సీన్‌లో పెట్టే ఒక్కో భాగాన్ని నోడ్ అంటారు) పెట్టి, కొత్త యానిమేషన్ తెరిచి నిడివి 6 సెకన్లు ఇవ్వండి, లూప్ బటన్ నొక్కండి. రేకల స్ప్రైట్ సెలెక్ట్ చేసి, ఇన్‌స్పెక్టర్‌లో (సెలెక్ట్ చేసినదాని సెట్టింగ్‌లు కనిపించే ప్యానెల్) మాడ్యులేట్ పక్కన ఉన్న తాళంచెవి గుర్తు నొక్కితే కీ పడుతుంది, అంటే ఆ సెకనుకి ఆ రంగు ఉండాలని గుర్తు పెట్టినట్టు. 0 సెకన్ల దగ్గర ఎరుపు, 2 దగ్గర పసుపు, 4 దగ్గర నీలం, 6 దగ్గర మళ్లీ ఎరుపు. ప్లే చేసి చూడండి.

నచ్చదు. నాకైతే అస్సలు నచ్చదు, ఎందుకంటే రంగు ఎప్పుడూ జారుతూనే ఉంటుంది, ఏ రంగులో ఉందో చెప్పలేం, పైగా పసుపు నుంచి నీలానికి పోయేటప్పుడు సరిగ్గా మధ్యలో మట్టి బూడిద రంగు వస్తుంది. అందుకే 1.7 దగ్గర ఇంకో ఎరుపు కీ, 3.7 దగ్గర పసుపు, 5.7 దగ్గర నీలం పెట్టండి. ఇప్పుడు రంగు నిలబడి, చివరి 0.3 సెకన్లలో టక్కున మారుతుంది. బూడిద ఇంకా గుచ్చుకుంటుంటే 3.85 దగ్గర ఒక తెలుపు కీ వెయ్యండి, మెరుపులా ఉంటుంది.

కాడ కూడా రంగు మారుతోందా? అయితే కీలు మొత్తం మొక్క నోడ్‌కి పడ్డాయి, తీసేసి రేకలకి మాత్రమే పెట్టండి.

రంగులు సరిగ్గా తేడా తెలియని వాళ్లు కూడా ఆడతారు కాబట్టి, ఇదే యానిమేషన్‌లో స్కేల్ ట్రాక్ (సైజు మార్చే కీల వరస) ఒకటి చేర్చి నీలానికి రేకలు విచ్చుకున్నట్టు, ఎరుపుకి ముడుచుకున్నట్టు చేసి ఉంచండి. 4వ భాగంలో దీంట్లోకి పిక్మిన్ లాంటి ఒకణ్ణి విసిరి, ఆ క్షణం రంగు ఎలా పట్టుకోవాలో చూద్దాం.