కటింగ్ బోర్డు వంగిందా? ముందు అది ఎలా ఆరుతోందో చూడండి

చెక్క సామాను నీళ్లలో నానబెట్టకూడదు, డిష్‌వాషర్‌లో వేయకూడదు. ఇవి తెలిసినవాళ్లకే ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఈ జాగ్రత్తలన్నీ తీసుకునేవాళ్ల బోర్డులు కూడా వంగుతాయి. అప్పుడు అందరూ తిట్టేది చెక్కనే.

సమస్య: బోర్డు గట్టు మీద సరిగ్గా కూర్చోదు. ఒక మూల నొక్కితే ఎదుటి మూల లేస్తుంది, లేదా తరుగుతుంటే బొంగరంలా తిరుగుతుంది.

కారణం: తిరుగుతోందంటే కింది ముఖం ఉబ్బిందన్నమాట. మామూలుగా ఉబ్బిన వైపే ఎక్కువ తేమ ఉంటుంది. కడిగి, గుడ్డతో తుడిచి, గట్టు మీద పడుకోబెట్టేస్తాం. పైముఖానికి గాలి తగిలి త్వరగా ఆరుతుంది. కింద, గట్టుకీ చెక్కకీ మధ్య సన్నటి నీటి పొర అలాగే ఉండిపోతుంది. తడిసిన చెక్క పొడవులో దాదాపు సాగదు, నారకు (చెక్కలో పొడుగ్గా కనిపించే గీతలకు) అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. కింద వెడల్పు పెరిగి, పైన పెరగకపోతే ఇంక వంగక ఏం చేస్తుంది?

ఇది తెలిశాక కూడా నేను ఒకసారి మోసపోయాను. బోర్డును నిలబెట్టే ఆరబెడుతున్నా, సరిచేసిన ప్రతిసారీ మళ్లీ వంగింది. చివరికి తిప్పి రెండు ముఖాల మీదా నాలుగేసి నీటి చుక్కలు వేశాను. పైన చుక్కలు పూసల్లా నిలిచాయి. కింద వేసినవి వేసినట్టే ఇంకి నల్లటి మచ్చలయ్యాయి. తరిగేది పైనే కదా అని నెలల తరబడి పైముఖానికే నూనె పట్టించాను! నూనె ఉన్న వైపు తేమ నెమ్మదిగా వెళ్లి వస్తుంది, లేని వైపు గబగబా పీల్చి గబగబా వదులుతుంది. అంటే జాగ్రత్త పేరుతో వంకర పెంచింది నేనే. మీ బోర్డుకు కూడా ముందు ఈ చుక్కల పరీక్ష చేయండి, ఒక్క నిమిషం పని.

పరిష్కారం: గుంట పడ్డ ముఖం కిందికి వచ్చేలా, గట్టిగా పిండిన తడిగుడ్డ మీద బోర్డు పెట్టండి. రెండు మూడు గంటలకోసారి చూస్తూ ఉండండి, మరిచిపోతే ఈసారి రెండోవైపుకి వంగుతుంది. సమంగా అయ్యాక అంచు మీద నిలబెట్టి, రెండు వైపులా గాలి తగిలేలా రెండు మూడు రోజులు వదిలేయండి. ఎండలో, పొయ్యి పక్కన పెట్టకండి, పగులుతుంది.

పూర్తిగా ఆరాకే ఫుడ్ గ్రేడ్ (తిండికి తగిలినా ఫర్వాలేని) మినరల్ ఆయిల్ పట్టించండి. రెండు ముఖాలకూ, అంచులకూ. నార తెగిన కొనల దగ్గర చెక్క స్ట్రాల కట్టలా నీటిని లాగుతుంది, అక్కడ తాగినంత నూనె పోయండి. రాత్రంతా ఉంచి, మిగిలింది పొద్దున తుడిచేయండి. వంటనూనె వద్దు, కొన్నాళ్లకు ముక్కిపోయిన వాసన, జిడ్డు.

కొనల్లో వెంట్రుకంత పగులుంటే నూనె చాలు. గోరు దిగేంత ఉంటే, బాగా ఆరనిచ్చి, తడికి తట్టుకునే చెక్క జిగురు పెట్టి క్లాంప్ (బిగించి పట్టి ఉంచే పనిముట్టు) వేయాలి. ఆరకముందే జిగురు పెడితే ఆ శ్రమ వృథా.

గరిటె గరుకెక్కితే, తడిపి, ఆరబెట్టి, 220 నంబర్ సాండ్‌పేపర్‌తో నార వెంబడి రుద్ది నూనె రాయండి. ఇనప సామాను తడి చెక్క మీద ఉండిపోయి నల్లమచ్చ పడితే నిమ్మరసం చాలావరకు తగ్గిస్తుంది. బూజు వాసన సాండ్‌పేపర్ పట్టినా పోలేదా, పారేయండి.

చెక్క కోతలోనే లోపం ఉండటం, లోపల పురుగు ఉండటం లాంటివి తర్వాతి మాట. చుక్కల పరీక్ష చేయకుండా వాటి గురించి అడగకండి.