చలికాలం చివర్లో విల్లుతో ఎల్క్ వేట: మంద వెంట పడకుండా వేటాడే పద్ధతి

సెప్టెంబరులో ఎల్క్ (ఉత్తర అమెరికాలో ఉండే పెద్ద జింక) వేట అంటే పిలుపుల వేట. మగది అరుస్తుంది, మీరు బదులు అరుస్తారు, అది కోపంతో దగ్గరికి వస్తుంది. జనవరికల్లా ఆ తతంగమంతా ముగిసిపోతుంది. మగవి విడిగా చిన్న గుంపులుగా ఉండి, జత కట్టే కాలంలో కరిగిన ఒళ్లు తిరిగి కూడబెట్టుకునే పనిలో ఉంటాయి. ఆడవీ దూడలూ పెద్ద మందలుగా కిందికి దిగివస్తాయి. వంద జతల కళ్లు కాపలా కాస్తుంటే ముప్పై గజాల దూరానికి చేరడం ఎలా అన్నదే అసలు సమస్య.

నా జవాబు ఒక్కటే. మంద దగ్గరికి మనం వెళ్లకూడదు, మంద రోజూ నడిచే దారిలో ముందే వెళ్లి కూర్చోవాలి. అలా వేటాడితేనే బాణం వేసే అవకాశం వస్తుంది. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో ఆడ ఎల్క్‌లలో చాలావరకు చూడితో ఉంటాయి. వేసవిలో కూడబెట్టుకున్న కొవ్వుతోనే చలికాలాన్ని ఈదుతుంటాయి. మోకాలి లోతు మంచులో మందను ఒక కొండ నుంచి ఇంకో కొండకు తరిమితే అవి ఖర్చుపెట్టే బలం మళ్లీ ఏప్రిల్ పచ్చిక వచ్చేదాకా దొరకదు. మనం తీసుకునేది ఒక్క జంతువునే. మిగతావాటికి మనం వచ్చి వెళ్లిన సంగతి వీలైనంత తక్కువ తెలియాలి.

నేను వేటాడేది అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో. ఇక్కడ మామూలు సీజన్‌కు ముందూ వెనకా షోల్డర్ సీజన్లు ఉంటాయి. కొన్ని వేట జిల్లాల్లో ఇవి ఫిబ్రవరి 15 దాకా నడుస్తాయి. ఎక్కువగా ప్రైవేటు భూముల్లో, కొమ్ములు లేని ఎల్క్‌లకే అనుమతి. ఏ జిల్లాలో మామూలు ఎల్క్ లైసెన్సు చెల్లుతుందో, ఎక్కడ కొమ్ములు లేనివాటికే ఇచ్చే ఎల్క్ బి లైసెన్సు కావాలో ఫిష్, వైల్డ్‌లైఫ్ అండ్ పార్క్స్ శాఖ ఆ ఏడాదికి వేసిన నియమాల పుస్తకంలో చూసుకోండి. 1985 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ పాసై ఉండాలి. భూమి యజమాని అనుమతి లేకుండా కంచె దాటకూడదు, అది చట్టం. రాంచ్‌వాళ్లను, అంటే పశువుల్ని పెంచే ఆ భూముల యజమానులను, అడగాల్సింది జనవరిలో కాదు, ఎండాకాలంలోనే. గడ్డివాముల మీద పడి తినేసే మందలతో వాళ్లు విసిగిపోయి ఉంటారు కాబట్టి మర్యాదగా, ముందుగా అడిగినవాళ్లకు తలుపు తెరుచుకునే అవకాశం బాగానే ఉంటుంది.

చేతిలో విల్లే ఉన్నా, చుట్టుపక్కల రైఫిళ్లు తిరిగే సీజన్ ఇది. నడుము పైభాగాన కనీసం 400 చదరపు అంగుళాల ఆరెంజ్ రంగు కనిపించాలి. దీనికి కంగారు పడకండి. ఎల్క్ కళ్లకు ఆరెంజ్, ఎరుపు విడిగా తెలియవు. వాటికి బాగా కనిపించేది నీలం. అందుకే జీన్స్ వద్దు, బట్టలకు తళుకు తెచ్చే డిటర్జెంట్లూ వద్దు.

మొదటి రెండు మూడు సాయంత్రాలు విల్లు తీయకుండా రోడ్డు మీద నుంచి బైనాక్యులర్‌తో చూడటానికే కేటాయించండి. మంద ఏ చెట్లలోంచి బయటికొచ్చింది, ఏ వేళకి వచ్చింది, ముందు ఏది నడిచింది అన్నవి రాసుకోండి. ముందు నడిచేది చాలాసార్లు వయసు మళ్లిన ఆడదే. పగలు ఇవి దక్షిణం వైపు వాలుల మీద, ఎండ తగిలి మంచు పలచబడిన చోట పడుకుంటాయి. పొద్దు వాలగానే గడ్డి పొలాల్లోకి దిగుతాయి. తెల్లవారేలోపే తిరిగి పైకి ఎక్కేస్తాయి.

మంద పొలంలో లేని మధ్యాహ్నం వేళ, యజమానికి చెప్పి, కంచె వెంట ఒక్కసారి నడవండి. ఎల్క్ ముళ్లకంచెను అవలీలగా దూకగలదు, కానీ దూడలతో ఉన్న మంద ఎక్కడ తీగ కుంగి ఉంటే అక్కడికే వస్తుంది. అలాంటి చోట పై తీగ ముళ్లకు పొట్టకింది వెంట్రుకలు చిక్కుకుని ఉంటాయి. కింద మంచు తొక్కుడు పడి, బురదతో కలిసి గోధుమరంగు ముద్దగా గడ్డకట్టి ఉంటుంది. నేను వెతికేది ఆ చోటునే. దానికి ఇరవై అయిదు గజాల దూరంలో చెట్టో పొదో ఉంటే సగం వేట అయిపోయినట్టే.

పైకి, పడకల దాకా మాత్రం వెళ్లకండి. పొరపాటున ఎదురైతే చూడాల్సింది ఇది: ఒంటి వేడికి మంచు కరిగి కోలగా గుంట పడుతుంది, తర్వాత ఆ తడి గడ్డకట్టి అద్దంలా మెరుస్తుంది. వేలు పెడితే అడుగు ఇంకా తడిగానే ఉందంటే అది ఇప్పుడే లేచింది. వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి తిరగండి.

ఇక గాలి. కొండ వాలు మీద ఎండ తగిలితే గాలి పైకి పాకుతుంది, నీడ పడితే చల్లబడి లోయలోకి జారుతుంది. సాయంత్రం మంద దిగుతుంది, గాలీ దిగుతుంది. మీరు కింద కంచె దగ్గర కూర్చుంటే మీ వాసన పొలం వైపు పోతుంది, మందకు తగలదు. కానీ మంద మిమ్మల్ని దాటి పొలంలోకి వెళ్లిందంటే లెక్క తిరగబడుతుంది, కాబట్టి వేసే బాణం అవి దాటకముందే వేయాలి. పొద్దున అంతా తారుమారు. మంద పైకి ఎక్కుతుంటుంది, గాలి మాత్రం ఎండ వచ్చేదాకా కిందికే జారుతుంది, పైన కాచుకున్న మనిషి వాసన నేరుగా వాటి ముక్కుకి చేరుతుంది. అందుకే నేను సాయంత్రాలనే నమ్ముకున్నాను. చిన్న సీసాలో మెత్తటి పొడి పెట్టుకుని కాసేపటికోసారి వదిలి చూడండి. గాలి నిలకడగా లేకపోతే ఆ రోజు లేచి వచ్చేయడమే మంచిది.

మధ్యాహ్నం రెండింటికల్లా చోటుకి చేరాలి. అప్పుడు మంచు పైపొర మెత్తగా ఉంటుంది. ఆలస్యమైతే అది గట్టిపడి అడుగుకో అప్పడం విరిగినట్టు చప్పుడవుతుంది. చేరగానే కాళ్ల కింది మంచునంతా మట్టి తగిలేదాకా తోసేయండి, బాణం వేసేటప్పుడు పాదం కదిపినా చప్పుడు రాదు. నడిచేటప్పుడు కోటు వేసుకోకుండా కాస్త చలిగానే నడవండి. చెమటతో లోపలి బట్ట తడిస్తే గంటలో వణుకు మొదలవుతుంది, ఆ వణుకుతో గురి కుదరదు. లోపల ఉన్ని బట్టలే వేసుకోండి, నూలు వద్దు.

విల్లు సంగతి. చలికి బిగిసిన భుజాలు సెప్టెంబరులో లాగిన బరువును లాగలేవు. కాంపౌండ్ బో (కప్పీలున్న విల్లు) లాగే బరువును అయిదు పౌండ్లు తగ్గించి, గురి చూసే సైట్‌ను మళ్లీ సరిచూసుకోండి. వేటకు వేసుకునే కోటు, గ్లోవ్స్, టోపీ అన్నీ వేసుకునే సాధన చేయండి. లావు చేతికోటుకి నారి తగిలితే బాణం పక్కకి పోతుంది, అందుకే ముంజేతికి పట్టీ కట్టి బట్టను బిగించాలి. సీజనంతా విల్లుని చల్లటి చోటే ఉంచండి. వెచ్చటి ఇంట్లోకి తెస్తే తేమ పడుతుంది, బయటికి తీసుకెళ్లగానే అది పీప్ (నారిలో గురి చూసే రంధ్రం) మీదా రెస్ట్ (బాణం ఆనే చోటు) మీదా గడ్డకడుతుంది. మోంటానా నియమం ప్రకారం బ్రాడ్‌హెడ్‌తో (వేటకు వాడే పదునైన బాణపు మొన) కలిపి బాణం 300 గ్రెయిన్లకు, అంటే దాదాపు 19 గ్రాములకు, తగ్గకూడదు. నా మాటగా చెప్పాలంటే 450కి తగ్గించకండి, ఎల్క్ పక్కటెముకలు తేలికగా వదలవు.

మంద ఎదురుగా ఉన్నప్పుడు టెన్షన్ పడి గుంపు మీదకి వేయొద్దు. విడిగా నిలబడి, పక్కకు తిరిగి, ముందుకాలు ముందుకి వేసినదాన్నే ఎంచుకోండి. దాని వెనక ఇంకొకటి ఉంటే ఆగాల్సిందే, ఎందుకంటే మంచి బాణం అటువైపు దూసుకెళ్లి రెండోదాన్నీ గాయపరుస్తుంది. ముందుకాలికి కాస్త వెనక, ఛాతీ ఎత్తులో కింది మూడోవంతు దగ్గర గురి పెట్టండి. ముప్పై గజాలు దాటితే వేయకండి. పొద్దు గుంకాక అరగంట దాకా చట్టం ఒప్పుకుంటుంది, కానీ జాడ వెతకడానికి వెలుతురు మిగలాలి. చివరి ఇరవై నిమిషాలు నేను బాణం తొడగను.

తగిలాక కదలకండి. మంచు మీద నెత్తురు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, దాన్ని చూసి పరుగెత్తొద్దు. నురగతో లేత ఎరుపు అయితే ఊపిరితిత్తులు, అరగంట పైన ఆగి వెళ్లండి. ముదురు ఎరుపు అయితే కాలేయం, గంటలు ఆగాలి. ఆకుపచ్చ పసరు కనిపిస్తే పొట్ట, రాత్రంతా వదిలేయాలి. మంచు కురిసేలా ఉంటే మాత్రం జాడ కప్పేయకముందే ప్రతి ఆనవాలు దగ్గరా రిబ్బన్ కట్టుకుంటూ పోండి.

చలిలో మాంసం పాడవదనుకోవడం పెద్ద పొరపాటు. ఎల్క్ తోలు దుప్పటిలాంటిది. బయట మంచు గడ్డకడుతున్నా తుంటి ఎముక దగ్గర మాంసం లోపల్లోపల పులిసిపోతుంది. తోలు వెంటనే తీసి, వెనక తొడలను తుంటి కీలు దగ్గర విప్పేయండి. అలాగని ఎముక నుంచి అప్పుడే ఒలవకండి. బిగుసుకోకముందే ఒలిచి గడ్డకట్టనిస్తే కండ ముడుచుకుపోయి రబ్బరులా అవుతుంది. కాళ్లు ఎముకతోనే సంచుల్లో వేసి స్లెడ్ (మంచు మీద జారే బండి) మీద లాక్కురండి.

పొట్ట కోయకుండా మాంసం తీసే పద్ధతిని ఇక్కడ గట్టిగా సిఫారసు చేస్తాను. ఎల్లోస్టోన్ జాతీయ పార్కు చుట్టుపక్కల ఎల్క్‌లలో బ్రూసెల్లోసిస్ అనే అంటువ్యాధి ఉంది, చూడి ఆడదాని గర్భసంచిలో, ఉమ్మనీటిలో ఆ సూక్ష్మక్రిమి ఎక్కువగా ఉంటుంది, మనిషికీ సోకుతుంది. గ్లోవ్స్ తప్పనిసరి. గర్భసంచిని అసలు ముట్టకండి.

చివరిగా, గొంతు దగ్గరి లింఫ్ గ్రంథులను సీడబ్ల్యూడీ (జింక జాతుల మెదడును దెబ్బతీసే ప్రాణాంతక జబ్బు) పరీక్షకు పంపండి. మోంటానా అడవి జింకల్లో ఈ జబ్బు 2017లో బయటపడింది, తర్వాత ఎల్క్‌లలోనూ కనిపించింది. మాంసం ప్యాకెట్ల మీద తేదీ, జంతువు గుర్తు రాసి ఫ్రీజర్‌లో పెట్టి, ఫలితం వచ్చేదాకా వండకండి. జబ్బు ఉందని తేలితే ఆ మాంసం ఎవరికీ పెట్టొద్దు.