చెస్960లో క్యాస్లింగ్ చేసే పద్ధతి

చదరంగ మాజీ ప్రపంచ విజేత బాబీ ఫిషర్ 1996లో ప్రకటించిన చెస్960లో (వెనుక వరుస పావులను యాదృచ్ఛికంగా అమర్చి ఆడే చదరంగంలో) రాజు ఏ గడిలో మొదలైనా, క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడం) పూర్తయ్యాక పావులు మామూలు చదరంగంలో చేరే గడులకే చేరాలి: తెల్లపావులకైతే జి1లో రాజు, ఎఫ్1లో ఏనుగు, లేదా సి1లో రాజు, డి1లో ఏనుగు. నల్లపావులకు ఇవే గడులు ఎనిమిదో వరుసలో ఉంటాయి.

ఆ రెండు పావులూ అంతకుముందు కదిలి ఉండకూడదు. అవి దాటే, చేరే గడులలో వేరే పావు ఉండకూడదు. రాజు చెక్‌లో ఉండగా గాని, ప్రత్యర్థి దాడిలో ఉన్న గడి మీదుగా గాని, అలాంటి గడిలోకి గాని క్యాస్లింగ్ చెల్లదు.

రాజు ఎఫ్1లో, ఏనుగు జి1లో ఉంటే అవి స్థానాలు మార్చుకుంటే చాలు, కనుక తొలి ఎత్తులోనే క్యాస్లింగ్ సాధ్యం. ఇది నాకెంతో ఇష్టమైన అమరిక.

బల్లపై ఆడేటప్పుడు ముందుగా ప్రత్యర్థికి చెప్పి, రాజును బోర్డు వెలుపల ఉంచి, ఏనుగును జరిపి, ఆపై రాజును అది చేరాల్సిన గడిలో పెట్టడం ఉత్తమం.