పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఊళ్లో సాయంత్రం కేంద్రం: ప్రభుత్వ నిధులు అడగడం ఎలా?

జూన్‌లో మా చిత్తూరు వైపు బడులు తెరుస్తారు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో షిఫ్టులూ అప్పుడే నడుస్తుంటాయి. బడి విడిచాక ఇంటికొచ్చిన ఏడో తరగతి పిల్లకు తలుపు తీసేవాళ్లుండరు. అమ్మ వచ్చేదాకా ఫోనే దిక్కు. అంగన్‌వాడీ ఆరేళ్లతో సరి. కేంద్ర ప్రభుత్వ మై భారత్ లాంటి యువజన కార్యక్రమాలు ప్రధానంగా 15 ఏళ్లు నిండినవాళ్లకే. ఈ రెంటి మధ్యలో ఉన్న పిల్లలకని పంచాయతీలో విడిగా పద్దు ఉండదు. అందుకే ‘పిల్లల కేంద్రానికి నిధులివ్వండి’ అని ఒకే అర్జీ పెడితే అది బల్లలు మారుతుందే తప్ప పని జరగదు. కేంద్రాన్ని గది, లైటు, పుస్తకాలు అని ముక్కలు చేసి, ఏ ముక్క ఏ పద్దులో ఇముడుతుందో చూసి అడగాలి.

మొదట పిల్లల్ని అడగండి

ఒక నోట్‌బుక్ తీసుకుని ఇంటింటికీ తిరగండి. పేరు, తరగతి, బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు, ఏం కావాలి. ఇవి చాలు. మేం తిరిగినప్పుడు పెద్దవాళ్లంతా కబడ్డీ కోర్టు, క్యారమ్స్ అన్నారు. ఆడపిల్లలు మాత్రం బస్సు దిగే చోటి నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో లైటు అడిగారు. అది వెలిగాకే వాళ్లు సాయంత్రం రావడం మొదలైంది.

ఏది ఎవరిని అడగాలి?

వీధి లైటు, పాత పంచాయతీ గదికి మరమ్మతు, ఆటస్థలం చదును: ఇవి పంచాయతీ పనులు. కేంద్ర ప్రభుత్వం పంచాయతీలకిచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో ఒక భాగాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. కేంద్రం దగ్గర కుళాయి, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఆ భాగంలోనే అడగండి. ‘డబ్బుల్లేవు’ అనడం అక్కడ కాస్త కష్టం.

పుస్తకాలకు మీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను ఉంటుంది. రూపాయికి 8 పైసలు, అంటే 500 రూపాయల ఇంటిపన్ను మీద 40 రూపాయలు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాల్సిన డబ్బు. మన డబ్బే కాబట్టి మొహమాటం అక్కర్లేదు. ఊరికి బుక్ డిపాజిట్ కేంద్రం (గ్రంథాలయం పుస్తకాలు ఊళ్లోనే ఉంచి ఇచ్చే చోటు) కావాలని సంస్థ కార్యదర్శికి రాయండి, రసీదు జిరాక్సు జతచేయండి.

ఆరోగ్యం సంగతికి రూపాయి అక్కర్లేదు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకోసమే. వారానికో నీలం రంగు ఐరన్ మాత్ర దాని కిందే ఇస్తారు. పీహెచ్‌సీ డాక్టరుగారిని కలిసి, ఏఎన్ఎం నెలకోసారి కేంద్రానికి వచ్చేలా తేదీ వేయించుకోండి.

గది కొత్తగా కట్టాలంటే ఎంపీ నిధులు అడగొచ్చు. ఏడాదికి 5 కోట్లుంటాయి కానీ అడిగేవాళ్లూ అంతమంది.

ఇక సాయంత్రం కూర్చునే మనిషికి జీతం. ఆర్థిక సంఘం నిధులను జీతాలకు వాడకూడదు, దాని చుట్టూ తిరిగి టైమ్ వృథా చేసుకోకండి. రిటైరైన టీచరో, మహిళా సంఘమో ముందుకొస్తేనే కేంద్రం నడుస్తుంది. దీనికోసం సొసైటీ రిజిస్టర్ చేద్దామని చాలామంది తొందరపడతారు. ఏడుగురు సభ్యులుంటే చేయొచ్చు, నిజమే. కానీ తర్వాత లెక్కలు, ఆడిట్లు తలకు చుట్టుకుంటాయి. మొదటి రెండేళ్లు పంచాయతీ పేరుమీదే నడపడం మేలని నా అభిప్రాయం.

గ్రామసభలో తీర్మానం

వచ్చే ఏడాది పంచాయతీ ప్రణాళిక కసరత్తు మామూలుగా అక్టోబరు 2న మొదలవుతుంది. ఆగస్టు, సెప్టెంబరులోనే సర్పంచినీ, కార్యదర్శినీ కలవండి. ప్రణాళికకు ఇచ్చిన తొమ్మిది అంశాల్లో ‘బాలల స్నేహపూర్వక గ్రామం’ ఒకటి, ఆ మాట ఎత్తండి.

మొదటి ఏడాది మేం ‘పిల్లల అభివృద్ధికి కృషి చేయాలి’ అని తీర్మానం చేయించాం. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రణాళికలో చూస్తే మా పని ఆనవాలే లేదు. మరుసటేడు ఏ పని, ఏ చోట, ఎస్టిమేట్ ఎంత, ఏ పద్దు అని విడివిడిగా రాయించాం. మినిట్స్ బుక్‌లో అలా ఎక్కిందో లేదో చదివి చూసుకున్నాకే సంతకం పెట్టండి.

ఆ తర్వాత

ఈగ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ ప్రణాళిక తెరిచి చూడండి. మీ పని కనిపించకపోతే సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దానికి ఫీజు లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అదీ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ. 2022లో జిల్లా విడిపోయాక చంద్రగిరి వాళ్లు తిరుపతికి పోవాలి, పూతలపట్టు వాళ్లు చిత్తూరుకే. తిరుపతి, చిత్తూరు నగరాల్లో ఉండేవాళ్లు వార్డు సచివాలయంలో మొదలుపెట్టి కార్పొరేషన్‌దాకా వెళ్లాలి.

ఇంకొకటి. గది తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో కూడా తీర్మానంలోనే రాయించండి, రెండో చెవి మహిళా సంఘానికి ఇప్పించండి. మా గదికి సున్నం కొట్టి, లైట్లు పెట్టాక కూడా మూడు వారాలు తలుపు తీయలేదు. చెవి ఉన్నాయన బెంగళూరులో కూతురింటికి పోయున్నారు.